ఘంటసాల గారి గొంతు వెనుక ఉన్న గురువుగారు



మన ఛానల్లో వచ్చిన భగవద్గీత వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ వీడియో ఎడిట్ చేస్తున్నప్పుడు ఒక రాత్రి హెడ్‌ఫోన్స్ ఛార్జింగ్ అయిపోయి, స్పీకర్లో పెట్టి వింటున్నాను. టైము పన్నెండు దాటింది. ఘంటసాల గారి గొంతు హాల్లో వినిపించగానే మా అమ్మ గది తలుపు తీసుకుని కంగారుగా బయటికి వచ్చి, ఎవరు పోయారురా అని అడిగింది. ఎవరూ పోలేదమ్మా, ఆఫీసు పని అయ్యాక వీడియో పని చేసుకుంటున్నానని చెప్తే అప్పుడు ఊపిరి పీల్చుకుంది. మళ్ళీ పడుకోడానికి చాలాసేపు పట్టింది పాపం.

నాకు నవ్వూ వచ్చింది, బాధా వేసింది. యుద్ధభూమిలో నీరసపడిపోయిన ఒక మనిషిని లేపి నిలబెట్టడానికి చెప్పిన గ్రంథం అది. మనం దాన్ని తీసుకెళ్ళి శవయాత్ర బండికి కట్టేశాం. మా తాతయ్య బతికున్న రోజుల్లో ఇలా ఉండేది కాదు. పొద్దున్నే పాలు పొంగేలోపు టేప్ రికార్డర్లో గీత పెట్టేవారు. నాకు ఆ గొంతు అంటే తెల్లవారడమే. తర్వాత ఆయన పోయిన రోజు కూడా అదే క్యాసెట్ పెట్టారు. ఆ తర్వాత మా ఇంట్లో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఆ గొంతు ఎక్కడ తయారైంది, ఎవరు తయారు చేశారు అని ఆ రాత్రి కూర్చుని చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఘంటసాల గారి కంటే ఇంకో మనిషి మీద మనసు పోయింది. వీడియోలో ఆయన గురించి ఒక్క నిమిషమే చెప్పగలిగాను. అందుకే ఇక్కడ కొంచెం తీరిగ్గా రాస్తున్నాను.

ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922 డిసెంబర్ 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. నాన్నగారు సూర్యనారాయణ గారు మృదంగం వాయించేవారు, నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. భజనలకు పిల్లవాణ్ణి భుజం మీద ఎక్కించుకుని తీసుకెళ్ళేవారు. ఆయన తరంగం పాడుతుంటే ఈ పిల్లవాడు నాట్యం చేసేవాడు. చూసినవాళ్ళు ముచ్చటపడి బాలభరతుడు అని పిలిచేవారట. అంటే సంగీతం ఆయనకి పాఠంగా మొదలవలేదు, నాన్న భుజం మీద మొదలైంది.

ఆ భుజం ఎక్కువ కాలం నిలవలేదు. పిల్లవాడికి ఊహ తెలిసీ తెలియని వయసులోనే నాన్నగారు కన్నుమూశారు. పోయేముందు కొడుకుని దగ్గరికి పిలిచి, సంగీతం ఎంత గొప్పదో చెప్పి, నువ్వు మంచి విద్వాంసుడివి కావాలని కోరుకున్నారు. తర్వాత కుటుంబాన్ని మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య గారు ఆదుకున్నారు.

తండ్రికిచ్చిన మాట ఉంది కానీ, పిల్లతనం కదండీ, ఆ మాట కొన్నాళ్ళు పక్కన పడింది. ఒకసారి ఒక ఉత్సవంలో పేరున్న విద్వాంసులతో పోటీపడి పాడబోయి, చదువుకున్న సంగీతం లేక ఓడిపోయి, నలుగురి నవ్వులపాలయ్యాడు. ఆ అవమానంతో పట్టుదల వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళలో సంగీతం తెలిసినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, పని చేసి పెడతాను, పాఠం చెప్పండి అని అడిగాడు. ఒక ఇంట్లో ఇంటిల్లిపాది బట్టలూ ఉతికించారు. ఇంకో ఇంట్లో వంట చేయించారు. అలా రెండేళ్ళు పోయాయి. బట్టలు ఉతకడం వచ్చింది, వంట వచ్చింది, సంగీతం మాత్రం సరిగ్గా రాలేదు.

నాకు ఇక్కడ ఒక మాట అనాలనిపిస్తుంది. గురువు దగ్గర సేవ చేయడం మన సంప్రదాయమే, దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ సేవ చేయించుకుని విద్య చెప్పకపోవడం సంప్రదాయం కాదు. ఘంటసాల గారి కథలో ఇద్దరు అలాంటివాళ్ళు తగిలాకే మూడో మనిషి దొరికారు. అందుకే ఆ మూడో మనిషి విలువ మనకి తెలుస్తోంది.

ఇక లాభం లేదని ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, వేలికున్న బంగారు ఉంగరం అమ్మేశాడు. నలభై రూపాయలు చేసే ఉంగరానికి చేతికొచ్చింది ఎనిమిది రూపాయలు. ఆ ఎనిమిది రూపాయలతో విజయనగరం బయల్దేరాడు. ఇప్పుడు మనం ఫోన్లో మ్యాప్ పెట్టుకుంటే దాదాపు 400 కిలోమీటర్లు. ఇంకా మీసాలు రాని కుర్రాడు, అక్కడ తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఎందుకు విజయనగరమే అంటే, అక్కడ మహారాజా వారి సంగీత కళాశాల ఉంది. 1919లో పెట్టారు. మొదటి అధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు. తర్వాత ఆ స్థానంలోకి వచ్చినవారు వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఆ రోజుల్లో తెలుగు నేల మీద సంగీతం చదువుకోవాలంటే అంతకు మించిన చోటు లేదు. కుర్రాడు అక్కడికి చేరేసరికి కాలేజీకి వేసవి సెలవులు. గేటు మూసి ఉంది!

ఒక్కసారి ఆలోచించండి. ఉంగరం అమ్మేశాడు, చెప్పకుండా వచ్చేశాడు, వెనక్కి వెళ్ళే మొహం లేదు. నాయుడు గారిని బతిమాలుకుంటే సెలవుల్లో కాలేజీ ఆవరణలో తలదాచుకోడానికి ఒప్పుకున్నారు. భోజనానికి వారాలు. మా వయసువాళ్ళకి ఈ మాట తెలియకపోవచ్చు, చెప్తాను. పేద విద్యార్థికి ఊళ్ళో ఏడు ఇళ్ళవాళ్ళు ఒక్కో రోజు అన్నం పెట్టడానికి ఒప్పుకుంటారు. సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఒక ఇల్లు. మన పెద్దవాళ్ళలో ఎంతోమంది ఇలాగే చదువుకుని పైకి వచ్చారు. ఏడు ఇళ్ళూ దొరికితే అదృష్టం, ఐదే దొరికితే మిగతా రెండు రోజులూ ఏకాదశే.

ఆ కాస్త ఆధారం కూడా పోయింది. తోటి కుర్రాళ్ళు చేసిన ఒక తప్పు ఈయన నెత్తిన పడింది. కాలేజీ ఆవరణలోంచి పొమ్మన్నారు. ఈ సంగతి ఊళ్ళో తెలిసి వారాలు పెట్టేవాళ్ళు కూడా ఇక రావద్దన్నారు. చెయ్యని తప్పుకి ఉండే చోటూ పోయింది, తినే ముద్దా పోయింది. వెళ్ళి ఎల్లమ్మ గుడిలో కూర్చున్నాడు.

ఆ గుడికి వచ్చారు పట్రాయని సీతారామశాస్త్రి గారు.

ఆయన్ని సాలూరు చిన్న గురువుగారు అనేవారు. వాళ్ళ నాన్నగారు నరసింహశాస్త్రి గారు పెద్ద గురువుగారు. సాలూరు అంటే విజయనగరానికి పైన, ఒడిశా కొండల అంచున ఉండే ఊరు. తండ్రీకొడుకులిద్దరూ సంగీతం చెప్పడమే వృత్తిగా బతికినవాళ్ళు. చిన్న గురువుగారు విజయనగరం కాలేజీలో గాత్రం చెప్పేవారు. చక్కని తెలుగులో సొంతంగా పాటలు, కీర్తనలు రాసేవారు. హార్మోనియం ఆయనే వాయించుకుంటూ పాడేవారు. హార్మోనియం అంటే శాస్త్రీయ సంగీతం వాళ్ళకి చిన్నచూపు ఉన్న కాలం అది. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది కూడా. మూడు దశాబ్దాలు ఆ నిషేధం నడిచింది. అలాంటి రోజుల్లో కూడా శాస్త్రిగారు ఆ పెట్టెని వదల్లేదు. ఎవరేమనుకున్నా తనకి నమ్మకమైన దారిలో వెళ్ళిన మనిషని నాకు దీన్నిబట్టే అనిపిస్తుంది.

గుడిలో కూర్చున్న కుర్రాడి సంగతి అడిగి తెలుసుకున్నారు. కాలేజీ వాళ్ళు పొమ్మన్న పిల్లవాడు, ఊరు కాని ఊరు, కులం గోత్రం చెప్పుకోవడమే తప్ప సాక్ష్యం చెప్పేవాళ్ళు లేరు. మనమైతే ఏం చేస్తాం? అసలేం జరిగిందో కనుక్కుందాం, తర్వాత చూద్దాం అంటాం. శాస్త్రిగారు ఇంటికి తీసుకెళ్ళారు. ఒక్క పైసా అడగకుండా పాఠం మొదలుపెట్టారు.

అయితే శాస్త్రిగారిది కలిగిన ఇల్లు కాదు. ఇంట్లో తినే నోళ్ళు చాలా, వచ్చే జీతం తక్కువ. పాఠం చెప్పగలరు, చోటు ఇవ్వగలరు. రెండు పూటలా అన్నం పెట్టే శక్తి ఆ ఇంటికి లేదు. నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించింది ఈ సంగతే. నా దగ్గర పూర్తిగా లేదు కాబట్టి నేను చెయ్యలేను అని ఆయన అనుకోలేదు. తన దగ్గర ఉన్నది ఇచ్చారు, లేనిదాని గురించి సిగ్గుపడలేదు.

అన్నం సంగతి ఒక సాధువు చూపించాడంటారు. భుజానికి జోలె కట్టి మాధుకరం ఎత్తడం నేర్పించాడు. మాధుకరం అంటే తేనెటీగ పద్ధతి. తేనెటీగ ఏ ఒక్క పువ్వునీ పిండెయ్యదు, పువ్వు పువ్వు దగ్గరా కాస్త కాస్త తీసుకుంటుంది. అలాగే ఏ ఒక్క ఇంటికీ భారం కాకుండా ఇంటింటా ఒక్కో ముద్ద. కుర్రాడు జోలె పట్టుకుని విజయనగరం వీధులు తిరిగేవాడు. రెండు పూటలకి సరిపడా తెచ్చుకునేవాడు. మధ్యాహ్నం తినగా మిగిలింది రాత్రికి గుడ్డలో మూటకట్టి పెడితే చీమలు పట్టేవి. మేనమామ ఊరి నుంచి రెండు రూపాయలు పంపిస్తే ఆ డబ్బుతో ఒక డబ్బా కొనుక్కుని అందులో అన్నం దాచుకోవడం మొదలుపెట్టాడు. నేను మొదటి జీతంతో ఫోను కొనుక్కున్నాను. ఆయన చేతికొచ్చిన రెండు రూపాయలతో చీమలు పట్టని డబ్బా కొనుక్కున్నారు.

పొద్దున వీధుల్లో జోలె, తర్వాత గురువుగారి ముందు సాధన. సెలవులు అయ్యాక కాలేజీలో కూడా చేరాడు. నాలుగేళ్ళ చదువు శాస్త్రిగారి సహాయంతో రెండేళ్ళలో పూర్తి చేశాడు. అడుక్కుని తిన్నవాడు రెండింతల వేగంతో చదివాడంటే అది తెలివితేటలు ఒక్కటే అని నేననుకోను. ఎదురుగా కూర్చున్న మనిషి వీడికి వస్తుంది అని నమ్మితే వచ్చే వేగం వేరు.

నాకు ఈ సంగతి ఊరికే తెలియలేదు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో నాకు మూడు సబ్జెక్టులు పోయాయి. ప్రోగ్రామింగ్ అంటే భయం. ల్యాబ్ చూసుకునే ఒక సార్ సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక తాళం వెయ్యకుండా నా కోసం గంటసేపు కూర్చునేవారు. ఆయన చిన్న ఉద్యోగి, జీతం కూడా నెలనెలా వచ్చేది కాదని తర్వాత తెలిసింది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఈరోజు నేను తినే అన్నం ఆ గంటలది. ఉద్యోగం వచ్చినప్పుడు ఒక మెసేజ్ పెట్టాను. అంతే. ఆరేళ్ళు అయిపోయింది. ఈ కథ చదువుతూ మధ్యలో రెండుసార్లు ఫోను తీసి, ఏం మాట్లాడాలో తెలియక పెట్టేశాను.

సరే, కథలోకి వద్దాం. శాస్త్రిగారు నేర్పింది ఏమిటంటే, నాకు సంగీతం అంత తెలియదు కాబట్టి తెలిసినంతే రాస్తాను. సాహిత్యంలో ఉన్న మాట నలగకూడదు, అర్థం చెదరకూడదు, భావం గొంతులోకి రావాలి అనేది ఆయన పద్ధతి. అప్పటి నాటకాల్లో పద్యం పాడితే చివర రాగం సాగదీసి సాగదీసి వన్స్ మోర్లు కొట్టించుకునేవారు. తర్వాత సినిమాల్లో ఘంటసాల గారు పద్యం పాడిన తీరు గుర్తు చేసుకోండి. ప్రతి మాటా విడివిడిగా చెవిలో పడుతుంది. చదువురాని మా నాయనమ్మకి కూడా పద్యం అర్థమైపోయేది. గీత శ్లోకాల్లో కూడా అంతే, సంస్కృతం రానివాళ్ళకి కూడా ఎక్కడ ఆగాలో ఆ గొంతే చెప్తుంది. నాకైతే అది విజయనగరంలో చిన్న గురువుగారి ఇంట్లో పడిన విత్తనమే అనిపిస్తుంది.

ఇంకో తల్లిని కూడా చెప్పుకోవాలి. విజయనగరంలో కలవరు రింగు అని పేరుపడ్డ కళాకారిణి సరిదె లక్ష్మీనరసమ్మ గారు. జోలెతో తిరిగే ఈ కుర్రాణ్ణి పిలిచి అన్నం పెట్టి ఆదరించారని చెప్తారు. దేవదాసీ కుటుంబాల నుంచి వచ్చిన కళాకారిణుల్ని లోకం చిన్నచూపు చూసింది కానీ, ఆకలితో ఉన్న పిల్లవాణ్ణి గుర్తుపట్టింది వాళ్ళే.

చదువు అయ్యాక సొంతూరు వచ్చి కచేరీలు చేశారు, పిల్లలకి పాఠాలు చెప్పారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలోకి దూకి బళ్ళారి దగ్గర అల్లీపురం జైల్లో ఏడాదికి పైగా ఉన్నారు. 1944లో సావిత్రి గారితో పెళ్ళి. ఆ పెళ్ళిలో కచేరీ చేసింది కూడా పెళ్ళికొడుకే! రచయిత సముద్రాల రాఘవాచార్య గారి చలవతో మద్రాసు చేరారు. అక్కడా కష్టాలే. సముద్రాల వారి ఇల్లు చిన్నది, వాళ్ళకి ఇబ్బంది అవుతుందని పానగల్ పార్కు వాచ్‌మన్‌కి నెలకి రెండు రూపాయలిచ్చి రాత్రిళ్ళు అక్కడ పడుకునేవారు. 1945లో స్వర్గసీమలో భానుమతి గారితో పాడే అవకాశం వచ్చింది. తర్వాత మనదేశం, పాతాళభైరవి, మాయాబజార్, లవకుశ. ఇవన్నీ మీకు నేను చెప్పక్కర్లేదు.

నేను చెప్పాలనుకున్నది వేరే. పేరు, డబ్బు వచ్చాక ఘంటసాల గారు విజయనగరాన్ని ఏం చేశారు?

శాస్త్రిగారి పెద్దబ్బాయి పట్రాయని సంగీతరావు గారు. పేరులోనే సంగీతం పెట్టేశారు చూడండి. ఘంటసాల గారి కంటే రెండేళ్ళు పెద్ద. 1950ల మధ్యలో ఆయన మద్రాసు వచ్చి ఘంటసాల గారి దగ్గర సంగీత సహాయకుడిగా చేరారు. టి.నగర్ ఉస్మాన్ రోడ్డులో ఘంటసాల గారి ఇంటి ఆవరణలోనే ఆయన కుటుంబానికి చోటు ఇచ్చారు. ఒకప్పుడు గురువుగారు తన ఇంట్లో చోటిచ్చారు, ఇప్పుడు శిష్యుడు గురుపుత్రుడికి తన ఇంట్లో చోటిచ్చాడు. ఇది ఏదో రెండు నెలలు మొహమాటానికి చేసింది కాదు. 1974లో ఘంటసాల గారు పోయేదాకా, దాదాపు ఇరవై ఏళ్ళు. సంగీతరావు గారి చేతిలో ఉన్నది కూడా హార్మోనియమే, నాన్నగారి పెట్టె.

అసిస్టెంట్ అంటే మన ఆఫీసుల్లో అర్థం వేరు. అక్కడ ఇద్దరికీ మధ్య ఉన్నది ఉద్యోగం ఒక్కటే కాదు. ఘంటసాల గారి ఎదురుగా రోజూ హార్మోనియం ముందు కూర్చున్నది తనకి సంగీతం పెట్టిన ఇంటి బిడ్డ. శాస్త్రిగారు 1957లో కన్నుమూశారు. అప్పటికి శిష్యుడి గొంతు ఆంధ్రదేశంలో వినపడని ఊరు లేదు. గుడిలో ఆకలితో కూర్చున్న కుర్రాడు ఏమయ్యాడో ఆయన కళ్ళతో చూసి వెళ్ళారు. గురువులందరికీ ఆ భాగ్యం దక్కదు.

1971లో ఘంటసాల గారు యూరప్, అమెరికా వెళ్ళి కచేరీలు చేసినప్పుడు కూడా పక్కన హార్మోనియంతో సంగీతరావు గారే ఉన్నారు. రేడియోలోకి రానివ్వని ఆ వాయిద్యం సముద్రాలు దాటి వెళ్ళింది.

ఇక గీత. ఏడు వందల శ్లోకాల్లోంచి వందకు పైగా ఏరి, తెలుగు తాత్పర్యంతో రికార్డు చేశారు. అప్పటికి ఆయనకి ఆరోగ్యం బాగాలేదు. చక్కెర వ్యాధి, గుండె జబ్బు. ఆ రికార్డింగ్ పనిలో కూడా సంగీతరావు గారి చెయ్యి ఉంది. రికార్డు బయటికి రాకముందే, 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఘంటసాల గారు కన్నుమూశారు. యాభై ఒక్క ఏళ్ళు. జనం గీత విన్న మొదటి రోజు నుంచీ ఆ గొంతు యజమాని లేరు. దాన్ని చావు పాటగా మనం ఎందుకు అనుకున్నామో అందులో కొంత కారణం ఇదే కావచ్చు.

సంగీతరావు గారు ఆ తర్వాత వెంపటి చినసత్యం గారి కూచిపూడి నృత్యనాటకాలకి సంగీతం చేశారు. నిండు నూరేళ్ళు బతికి 2021లో వెళ్ళిపోయారు. అంటే నేను ఉద్యోగంలో చేరిన తర్వాత కూడా చిన్న గురువుగారి అబ్బాయి మన మధ్యే ఉన్నారన్నమాట. తెలిసి ఉంటే చెన్నై వెళ్ళి ఒక్కసారి నమస్కారం పెట్టుకునేవాణ్ణి.

ఈ కథంతా మర్నాడు అమ్మకి చెప్పాను. డబ్బా దగ్గర కళ్ళు తుడుచుకుంది. ఆదివారం పొద్దున ఆరింటికి తనే అడిగి స్పీకర్లో గీత పెట్టించుకుంది. తాతయ్య పోయాక మా ఇంట్లో అది మళ్ళీ మోగడం అదే మొదలు. పది నిమిషాలు కాలేదు, పై ఫ్లోర్ అంకుల్ గారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ కిందికి వచ్చి, అందరూ బాగానే ఉన్నారా అని మెల్లగా అడిగారు. లోపల కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, విజయనగరంలో మూసి ఉన్న గేటు దగ్గర నుంచి మొదలుపెట్టాం.